గడువు తీరని నంబరు

"నువ్వు దొంగవా, కాదా అని నేనడగను పాపా. దొంగలు కూడా కాదనే చెప్తారు. నిన్న ఆళ్లగడ్డలో ఎప్పుడు బస్సెక్కినావో అది చెప్పు."

"పూజ అయిపోయినంక మేడం. పన్నెండు దాటింటాది."

"నిన్నెవరన్నా చూసినారా?"

"బస్సు నిండా పండక్కి పోయే జనమే. నన్నెవరు గుర్తు పెట్టుకోనుంటారు?"

ఉమామహేశ్వరమ్మకు ఈ జవాబు నచ్చలేదు. టెలిఫోన్ శాఖ విజిలెన్స్‌లో ఏండ్ల తరబడి దొంగ లైన్లు పట్టి, విసుగొచ్చి ముందే రిటైర్మెంటు తీసుకొని, నంద్యాలలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. సాక్షులు లేరని అంత సులభంగా ఒప్పుకునేవాళ్ళంటే ఆమెకు మొదటినుంచీ అనుమానమే. ఆ మాటకొస్తే ఆమెకు అనుమానం లేనిదెవరి మీద? ఇంటికి పాలు పోసే మనిషిని కూడా రోజూ పైనుంచి కిందికి చూసిగానీ గిన్నె పట్టదు.

ఎదురుగా కూర్చున్న పిల్ల పేరు మల్లీశ్వరి. నల్లరేగడి సీడ్స్ కంపెనీలో కంప్యూటర్ ఇంజనీరు. నల్లమల అంచున చెంచుగూడెంలో పుట్టి, హాస్టళ్ళలో చదివి, ఈ నంద్యాల ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకునింది. రాత్రంతా ఏడ్చినట్టు కండ్లు వాచి ఉన్నాయి. 2006 విజయదశమి పొద్దు అది. ఇద్దరూ కూర్చున్న కంపెనీ ఆఫీసుకు సెలవు. వాకిట్లో ఒక కానిస్టేబులు మాత్రం కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, ఈ పిల్ల ఎక్కడికన్నా పారిపోతుందేమోనని.

జరిగింది చిన్నదేం కాదు. నిన్న మహర్నవమి. ఆళ్లగడ్డలో ఉన్న కంపెనీ ప్లాంటులో ఆయుధపూజ చేసినారు. మధ్యాహ్నం మూడింటప్పుడు, ఆ ప్లాంటు కంప్యూటర్లో దాచిన కొత్త పత్తి హైబ్రిడ్ గుట్టంతా ఎవరో కాపీ చేసుకొని పోయినారు. ఆ విత్తనానికి ఆడ మొక్క ఏ రకం, మగ మొక్క ఏ రకం అన్నది తెలిస్తే చాలు, ఇంకో కంపెనీ అదే విత్తనాన్ని వచ్చే ఏడు తన సంచుల్లో పోసి అమ్ముకోవచ్చు. ఓనరు బాలసుబ్రహ్మణ్యం రాత్రి ఉమామహేశ్వరమ్మను పిలిపించుకొని ఒకటే మాట చెప్పినాడు. దొంగ దొరికిందమ్మా, సరుకు ఎవరికి అమ్మిందో అది కనుక్కో, అని. ఈ సాయంత్రానికి మల్లీశ్వరిని అరెస్టు చేస్తానని ఆళ్లగడ్డ సీఐ సంజీవయ్య అప్పుడే చెప్పేసినాడు. ఒకసారి జైలు మెట్లెక్కిన పిల్లకు ఇంకే కంపెనీ కంప్యూటరూ ముట్టనియ్యరు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు.

"ఆ పెట్టె సంగతి చెప్పు," అనింది ఉమామహేశ్వరమ్మ. "కంప్యూటరోళ్ళ భాష వద్దు. ఫోన్ లైన్లు చూసిన దాన్ని, ఆ లెక్కన చెప్పు."

మల్లీశ్వరి ముక్కు తుడుచుకునింది. "రెండు ఊర్ల ఆఫీసులను కలిపే పెట్టె మేడం. బ్రిడ్జి అంటాం. ఈడొకటి, ఆళ్లగడ్డలో ఒకటి. ఒక్కోదానికి నాలుగు తలుపులు, అంటే వైర్లు గుచ్చే చోట్లు. ప్రతి కంప్యూటరుకూ పుట్టుకతోనే ఒక నంబరుంటాది. ఏ నంబరు ఏ తలుపు దగ్గరుందో పెట్టె గుర్తు పెట్టుకుంటాది. అయిదు నిమిషాలు ఆ నంబరు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే మర్చిపోతాది. ఆ అయిదు నిమిషాలనే గడువు అంటాం."

"నిన్న మూడున్నరకు సీఐ కండ్లారా చూసినాడు. నీ లాప్‌టాప్ నంబరు మూడో తలుపు దగ్గరుండె. గడువు అయిదు నిమిషాలని అదే స్క్రీను మీద ఉండె. అంటే అప్పటిదాకా నువ్వు ఆడనే ఉన్నట్టు గదా?"

"నేను లేను మేడం. పొద్దున పూజకు ముందు ఆ తలుపుకు వైరు గుచ్చి కొంచేపు పని చేసుకున్నా. తర్వాత తీసేసి, సంచిలో పెట్టుకొని వచ్చేసినా. పెట్టె మర్చిపోలేదు, అంతే. దాని సాఫ్ట్‌వేరులో తప్పుంది."

"ఓహో! పెట్టెదే తప్పా?"

"నవ్వొద్దు మేడం. గడువు మారిస్తే స్క్రీను మీద అంకె మారుతాది గానీ, లోపల గడియారం పాత గడువునే పట్టుకొని కూర్చుంటాది. నేను రెండు వారాల కిందట కనుక్కున్నా. గడువు మార్చిన మరుక్షణం ఆ పాత గడియారాన్ని ఆపి, కొత్తది మొదలుపెట్టేటట్టు సరిచేసి పంపినా."

"ఎవరికి?"

"అభిలాష్ సారుకు. ఓనరు గారి అన్న కొడుకు. ఈ సాఫ్ట్‌వేరంతా ఆయన తయారు చేసిందే. ఒకరు రాసింది ఇంకొకరు చదివి సరేనంటేగానీ పెట్టెల్లోకి పోకూడదని మా ఆఫీసు పద్ధతి. రివ్యూ అంటాం."

"సరేనన్నాడా?"

"ఏమీ అనలేదు. రెండుసార్లు అడిగినా. టైము లేదు పో అన్నారు."

ఉమామహేశ్వరమ్మ వక్కపొడి నోట్లో వేసుకొని ఆ పిల్లను తేరిపార చూసింది. దొంగతనం బయటపడ్డ మర్నాడే, దొంగను కాపాడే తప్పొకటి పెట్టెలో దొరకడం ఏమి చోద్యం! కల్పించి చెప్తాంది అనుకుంటే సరిపోతుంది. కానీ కల్పించేవాళ్ళు ఇంత తిరుగుడుగా కల్పించరు. బస్సులో పక్కన ఫలానా ఆమె కూర్చునింది అని చెప్తే పోయేదానికి, గడియారాలూ తలుపులూ ఎందుకు?

"ఆ తప్పు ఉన్నట్టు ఎవరెవరికి తెలుసు?"

"నాకు తెలుసు. నేను పంపింది చదివింటే, ఆయనకు."

"పద, ఆళ్లగడ్డకు పోదాం," అని లేచింది ఉమామహేశ్వరమ్మ. కానిస్టేబులు ఏందో అనబోయినాడు గానీ, ఆమె చూసిన చూపుకు నోరు మూసుకొని ఆమె జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

ప్లాంటు గేటు దగ్గరే ఎదురైనాడు సీఐ సంజీవయ్య. మల్లీశ్వరి లాప్‌టాప్‌ను సంకలో పెట్టుకొని, పండగ పూట ఇంట్లో బొబ్బట్లు తినకుండా ఈ పీడేందిరా అన్నట్టు నిలబడున్నాడు.

"ఏమక్కా, ఈ కేసులో కూడా వేలు పెట్టినావా?"

"నువ్వు సక్రమంగా పట్టుకునింటే నా వేలెందుకప్పా?"

సంజీవయ్య మొహం మాడింది. చాగలమర్రిలో దొంగ ఫోన్ల కేసప్పుడు అతను ఒక అమాయకుణ్ణి మూడు రోజులు లోపల పెట్టుకుంటే, అసలు వాణ్ణి ఈమె పట్టుకొచ్చి అతని టేబులు ముందే నిలబెట్టింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

"నా కండ్లతో చూసినా," అన్నాడు గట్టిగా. "ఈ పిల్ల లాప్‌టాప్ నంబరు స్క్రీను మీదుండె. ఇంగేం కావాల?"

"ఆ స్క్రీను నీకు చూపించిందెవరు?"

"అభిలాషే. ఫైలు పోయిందని ఫోను చేసినాడు. నేను ఊరేగింపు బందోబస్తులో ఈడనే ఉంటి, వెంటనే వచ్చినా. ఏం, అది కూడా తప్పేనా?"

"తప్పని నేనన్నానా? గమ్మునుండు, లోపలికి పోదాం."

ల్యాబు పక్కన అడ్డం కట్టిన చిన్న గది. విత్తనాల మందు వాసన గుప్పుమంటాంది. తూకం మిషను, సంచులు కుట్టే మిషను, ప్రింటరు, అన్నిటికీ బంతిపూల దండలు, విభూతి పట్టెలు. మూలన బల్ల మీద బ్రిడ్జి పెట్టె, చిన్న ట్రంకు పెట్టె అంత ఉంది. దానికీ దండ వేసినారు. వెనకల నాలుగు తలుపులు, మూడోదానికి వైరు లేదు. ముందర పక్క ఆపే బటన్ ఒకటి, దాని మీదనే గంధం పెట్టి కుంకుమ అద్దినారు.

ఉమామహేశ్వరమ్మ వంగి, కండ్లద్దాలు సర్దుకొని ఆ బొట్టును చూసింది. చాలాసేపు చూసింది. వెనక సంజీవయ్య దగ్గినాడు.

"దేవునికి దండం పెట్టుకుంటాండావా అక్కా?"

ఆమె వాకిట్లో నిలబడ్డ ల్యాబు మనిషి లూదియాను దగ్గరికి పిలిచింది. మొలకల పరీక్షలు చేసేది, గదులు చూసుకునేది అంతా ఆమెనే.

"ఈ బొట్టు ఎవరు పెట్టినారమ్మా?"

"పెద్దమ్మ, మహానందమ్మ గారు పెట్టినారు మేడం. ఓనరు గారి అమ్మ. పూజకు మిషన్లన్నీ ఆపినారు గానీ దీన్ని ఆపలేదు, నంద్యాల లైను పోతాదని. ఆయమ్మ పోయి సరిగ్గా బటన్ మీదనే పెట్టింది. ఆగిపోతాదేమోనని నాకు భయం. ఆగలేదు."

"గట్టిగా నొక్కి పట్టుకుంటేనే ఆగుతాది," అనింది మల్లీశ్వరి మెల్లగా.

"పూజ అయినంక దీన్ని ఎవరన్నా ముట్టినారా?"

"ఎవరు ముడతారు మేడం?" లూదియా బుగ్గలు నొక్కుకునింది. "ఈ పొద్దు మళ్ళా వచ్చి టెంకాయ కొట్టిందాకా దేని మీదా చెయ్యి పెట్టకూడదంట. నేను చర్చికి పోయేదాన్ని, అయినా వాళ్ళ పద్ధతి వాళ్ళది గదా. గుడ్డ కూడా ఆనించలేదు."

"సీఐ గారు వచ్చినప్పుడు బొట్టు ఎట్లుండె?"

"నిండుగా ఉండె. నేనే లైటు వేసినా, చూసినా గదా."

"ఇప్పుడు చూడు."

లూదియా వంగి చూసి, "అయ్యో!" అనింది. ఎండిన గంధం బీటలు వారి, నడుమ వేలి మేర పెళ్ళ రాలిపోయి, బటన్ తెల్లగా కనపడతాంది. చుట్టూ మాత్రం గుండ్రంగా అట్లే ఉంది.

అప్పుడే వచ్చినాడు అభిలాష్. కొత్త బట్టలు, నుదుటన బొట్టు, చేతిలో సెల్‌ఫోను. పోలీసులున్నారు, డిటెక్టివుంది, అయినా మనిషి ముఖంలో ఒక్క ముడత లేదు. ఉమామహేశ్వరమ్మకు అది కూడా అనుమానంగానే ఉండె.

"మేడం, మీకు ఈ అమ్మాయి ఏదో తప్పుందని చెప్పింటుంది. కట్టుకథ అది. ఆ పెట్టె సాఫ్ట్‌వేరు నా చేత్తో రాసినా. మీ ముందరే చూపిస్తా."

చూపించినాడు కూడా. ల్యాబు కంప్యూటరు వైరును మూడో తలుపుకు గుచ్చినాడు. స్క్రీను మీద దాని నంబరు పడింది. వైరు పీకినాడు. అందరూ గోడ గడియారం చూస్తా నిలబడినారు. అయిదు నిమిషాలు దాటీ దాటంగానే నంబరు మాయమైంది.

"చూసినావా అక్కా!" సంజీవయ్య గొంతులో పండగొచ్చింది. "పెట్టె బంగారం మాదిరి పని చేస్తాంది. పాపా, ఇంగ పద. కథలు కోర్టులో చెప్పుకుందువు."

"లేదు సార్... అట్ల కాదు..." అంటాంది మల్లీశ్వరి, పెట్టె వైపు చూపిస్తా. ఈ పిల్ల నన్ను కూడా బురిడీ కొట్టించిందా ఏందీ అనుకునింది ఉమామహేశ్వరమ్మ. మళ్ళా బొట్టు వైపు చూసింది.

"నాయనా అభిలాష్, ఈ పెట్టె నిన్నటినుంచి ఆగకుండా నడుస్తాందా?"

"రాత్రి కరెంటు పోయింది మేడం. ఆగి, మళ్ళీ అదే లేచింది."

"కరెంటు పోతే బొట్టెందుకు రాలిందప్పా?"

సంజీవయ్య లాప్‌టాప్ సంకలోనే పెట్టుకొని వంగి చూసినాడు.

"ఎవరో తుడిచింటారు," అన్నాడు అభిలాష్.

"తుడిస్తే చుట్టూ పోవాల. నడుమ వేలంత మేరే పోయింది. ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారు, సీఐ వచ్చి పోయినంక. పాపా, పెట్టెను ఆపి మళ్ళా లేపితే ఏమవుతాది?"

మల్లీశ్వరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. "లోపల గుర్తు పెట్టుకున్న నంబర్లన్నీ పోతాయి మేడం. పాత గడియారం కూడా పోతాది. స్క్రీను మీదున్న గడువుతో, అంటే అయిదు నిమిషాలతో, కొత్తగా మొదలవుతాది. అందుకే ఇప్పుడు సరిగ్గా మర్చిపోయింది."

"బాగుంది," అన్నాడు సంజీవయ్య. "బొట్టు రాలింది, అందుకని పిల్ల మంచిదని మెజిస్ట్రేటుకు చెప్పమంటావా? నన్ను ఉద్యోగం చేసుకోనిస్తావా లేదా?"

"చెప్పొద్దు. నీ కండ్ల మీద నీకు నమ్మకం గదా, ఆ కండ్లతోనే ఇంకోసారి చూడు. లాప్‌టాప్ ఇట్లా ఇయ్యి."

మల్లీశ్వరి కీబోర్డు ముందర కూర్చునింది. గడువు ఒక రోజు పెట్టి, పెట్టెను ఒక మారు ఆపి లేపింది. బటన్ మీద మిగిలిన గంధం కూడా పొడిపొడిగా రాలిపోయింది. లాప్‌టాప్‌ను మూడో తలుపుకు గుచ్చింది. నంబరు పడింది. అప్పుడు గడువును మళ్ళీ అయిదు నిమిషాలు చేసింది. స్క్రీను మీద అయిదు నిమిషాలనే చూపించింది. సంజీవయ్య తన చేత్తోనే వైరు పీకి, లాప్‌టాప్ మూసి, మళ్ళీ సంకలో పెట్టుకున్నాడు.

"ఇంగ టీ తాగుదాం," అనింది ఉమామహేశ్వరమ్మ.

లూదియా టీ తెచ్చేలోపల కారు చప్పుడైంది. ఓనరు బాలసుబ్రహ్మణ్యం వచ్చి, ఏమీ అడక్కుండా ఒక కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. తెల్ల పంచె, వేళ్ళకు రాళ్ళ ఉంగరాలు, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అభిలాష్ ఆయన పక్కన పోయి నిలబడినాడు. టీ తాగడం అయింది. ఇంకో టీ కూడా అయింది. పది నిమిషాలు దాటినాయి.

"సంజీవప్పా, స్క్రీను చూడు."

సీఐ చూసినాడు. కండ్లు నులుముకొని మళ్ళా చూసినాడు. మూడో తలుపు, మల్లీశ్వరి లాప్‌టాప్ నంబరు. గడువు అయిదు నిమిషాలు.

"అది నా సంకలో ఉంది గదే!" అని అరిచినాడు.

"మరి నిన్న ఆ పిల్ల సంచిలో ఉండె. నంద్యాల బస్సులో."

సంజీవయ్య తెల్లమొహం వేసినాడు. అతను మొండోడే గానీ తెలివిలేనోడు కాదు. తన కండ్ల ముందర తననే ఎట్లా ఏమార్చినారో ఇప్పుడు అర్థమైంది. ఒళ్ళు మండినట్టుంది, టోపీ తీసి బల్ల మీద కొట్టినాడు.

"అట్లయితే నిన్న పొద్దున ఎవరో గడువు పెంచిపెట్టి, నేను వచ్చే ముందర తగ్గించి, నాకు చూపించినారు. అది చేయాలంటే ఈ తప్పుందని తెలిసుండాల. ఎవరికి తెలుసు? ఈ పిల్లకు తెలుసు."

"తన మెడకు తానే ఉరి పోసుకుంటాదా?"

"అట్లయితే ఇంకెవరు? ఏమప్పా అభిలాష్?"

"నాకెట్లా తెలుస్తుంది సార్?" అభిలాష్ భుజాలు ఎగరేసినాడు. "నిజంగానే తప్పున్నట్టుంది, ఇప్పుడే మీతో పాటు చూస్తున్నా. ఆమె ఏదో పంపింది, నేను తెరిచి కూడా చూడలేదు. ఒక్క అక్షరం చదివింటే ఒట్టు."

ఉమామహేశ్వరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. సాఫ్ట్‌వేరు గురించి ఆమెకు తెలిసింది గోరంత. మనుషుల గురించి అట్లా కాదు. నా చేత్తో రాసినా అని ఇందాక అతను ఛాతీ విరుచుకొని చెప్పింది ఆమె చెవిలోనే ఉంది.

"ఎవరు రాసినారో గానీ సంజీవప్పా, చెత్త సాఫ్ట్‌వేరు రాసినారు. గడువు పెంచినా మాట వినదు, తగ్గించినా మాట వినదు. నిన్నగాక మొన్న కంప్యూటర్ క్లాసులో చేరినోడు కూడా ఇంతకంటే బాగా రాస్తాడేమో. బాలసుబ్రహ్మణ్యం గారూ, దీనికి దుడ్లు కూడా పోసినారా మీరు?"

"చెత్తంటే?" అభిలాష్ మొహం ఎర్రబడింది. "తెలీకుండా మాట్లాడొద్దు మేడం. పెంచితే ఏ ఇబ్బందీ లేదు. పాత గడియారం ముందే మోగినా, కొత్త గడువు చూసుకొని నంబరును అట్లే ఉంచుతుంది, మళ్ళీ కొత్త గడువుతోనే మొదలవుతుంది. తగ్గించినప్పుడు మాత్రమే..."

అక్కడ ఆగినాడు. ఆగినా ఏం లాభం, అయిపోయింది.

మల్లీశ్వరి కుర్చీలోనుంచి లేచి నిలబడింది. "పెంచితే ఇబ్బంది లేదని నేనెవరికీ చెప్పలేదు మేడం. మీకు కూడా చెప్పలేదు. నేను పంపినదాంట్లో రాసినా. దాంట్లో మాత్రమే."

"నేను రాసిన సాఫ్ట్‌వేరు నాకు తెలీదా?" అని అరిచినాడు అభిలాష్. "ఆమె చెప్తేనే తెలుస్తుందా నాకు?"

"అట్లనా నాయనా?" ఉమామహేశ్వరమ్మ గొంతు ఇప్పుడు చల్లగా ఉంది. "ముందే తెలుసుంటే, ఇందాక తప్పే లేదు, కట్టుకథ అని మాకు ఆట ఎందుకు చూపించినావు? తెలీకుంటే, ఇప్పుడే చూసిన తప్పు గురించి పెంచితే ఎట్ల, తగ్గిస్తే ఎట్ల అని గుక్క తిప్పుకోకుండా ఎట్ల చెప్పినావు? రెండిట్లో ఏదో ఒకటి చెప్పు. నువ్వేది చెప్పినా నాకు సరే."

అభిలాష్ చిన్నాయన వైపు చూసినాడు. ఆ చూపులోనే అంతా ఉంది. సంజీవయ్య మెల్లగా పోయి గది తలుపుకు అడ్డంగా నిలబడినాడు. ఇంతసేపూ రెండు చేతులూ బిగించుకున్న మల్లీశ్వరి ఒక్కసారి వెక్కింది.

"చాల్లేమ్మా," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

అందరూ ఆయన వైపు తిరిగినారు. ఆయన పంచె సర్దుకుంటా లేచినాడు. మొహంలో కోపం లేదు, అన్న కొడుకును ఎట్లా కాపాడుకోవాలనే లెక్క ఒక్కటే ఉంది.

"ఫైలు యాడికీ పోలేదు. మా పిల్లోడు జాగ్రత్త కోసం కాపీ తీసి పెట్టుకున్నాడు, అంతే. సీఐ గారూ, నేనిచ్చిన కంప్లైంట్ వాపసు తీసుకుంటాండా. ఉమామహేశ్వరమ్మా, నీ ఫీజు ఇంటికి పంపిస్తా. పండగ పూట శ్రమ పడినావు."

"జాగ్రత్త కోసం తీసుకున్నవాడు పోలీసులకెందుకు ఫోన్ చేసినాడు?"

"చిన్న పిల్లోడు. తొందరపడినాడు." ఆయన మల్లీశ్వరి వైపు తిరిగినాడు. "నువ్వేం మనసులో పెట్టుకోవద్దు పాపా. రేపటినుంచి పనిలోకి రా. జీతం కూడా చూస్తాలే."

ఉమామహేశ్వరమ్మకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. కంప్లైంట్ లేదంటే కేసు లేదు. కేసు లేదంటే అభిలాష్ ఇంటికి పోయి బొబ్బట్లు తింటాడు. ఈ పిల్ల మీద పడిన మచ్చ మాత్రం అట్లే ఉంటుంది. ఏదో జరిగిందంట, ఓనరు దయతలచి వదిలేసినాడంట అని నంద్యాలంతా చెప్పుకుంటారు. సంజీవయ్య వైపు చూస్తే, అతను నేల చూస్తాండాడు. పెద్దమనిషి మాట కాదనే ధైర్యం అతనికి ఎన్నడూ లేదు.

"సార్," అనింది మల్లీశ్వరి. సీఐ వైపు తిరిగింది. "నిన్న సాయంత్రం మీ జీపు మా గూడేనికి పోయింది. మా అమ్మ లింగమ్మ గుడిసెలో ఉన్న సామాన్లన్నీ బయట పారబోసినారంట. తేనె కుండలు కూడా పగలగొట్టి చూసినారంట, దుడ్లు దాచినామని. ఊరంతా నిలబడి చూసిందంట. రాత్రి మా ఇంటి ఓనరమ్మ రూము ఖాళీ చెయ్యమనింది. దీన్నెవరు వాపసు తీసుకుంటారు?"

సంజీవయ్య తల ఎత్తలేదు. ఆ జీపును పంపింది అతనే.

"ఆయన కంప్లైంట్ ఆయన తీసుకోనీ సార్. నేను కొత్తది ఇస్తా. నా మీద దొంగతనం మోపినారని నేనిస్తా. రాసుకోండి."

ఉమామహేశ్వరమ్మ ఆ పిల్ల పక్కకు పోయి నిలబడింది. పొద్దున ఇదే పిల్లను దొంగను చూసినట్టు చూసినందుకు ఆమెకు సిగ్గేసింది.

బాలసుబ్రహ్మణ్యం నవ్వినాడు. కసురుకునింటే బాగుండు అనిపించే నవ్వు అది.

"మంచిదే. రాయించు. ఒక్క మాట పాపా, పాములపాడు దగ్గర మన విత్తనాల ప్లాట్లకు కాపలా ఉండేది మీ నాయనే గదా? ఒంటరి మనిషి, అంత పెద్ద చేను, పక్కనే అడవి. కొంచెం ఆలోచించుకొని రాయించు."

మల్లీశ్వరి బల్ల అంచు పట్టుకొని నిలబడింది. ఉమామహేశ్వరమ్మ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది గానీ, రాయించు అని చెప్పడానికి ఆమెకు కూడా నోరు రాలేదు. పోయే ప్రాణం తన నాయనది కాదు గదా.

కుర్చీ జరిగిన చప్పుడైంది. సంజీవయ్య వచ్చి బల్ల ముందర కూర్చున్నాడు. లూదియాను అడిగి తెల్లకాగితం తీసుకున్నాడు. జేబులోనుంచి పెన్ను తీసి, బాలసుబ్రహ్మణ్యం వైపు ఒకసారి, అమ్మాయి వైపు ఒకసారి చూసినాడు.

"పేరు మల్లీశ్వరి. రాసినా," అన్నాడు. "తండ్రి పేరు?"

మల్లీశ్వరి బల్ల అంచు వదిలేసింది. సీఐ వైపు చూడలేదు. ఓనరు మొహంలోకే సూటిగా చూసింది.

"కాశయ్య," అనింది గట్టిగా.

పెన్ను కదిలింది. బాలసుబ్రహ్మణ్యం సెల్‌ఫోను తీసి, నంబరు నొక్కుకుంటా బయటికి నడిచినాడు. ఉమామహేశ్వరమ్మ జీపు తాళాలు చేతిలోకి తీసుకొని, పాములపాడుకు ఎంత దూరమని లూదియాను అడుగుతానే ఆయన మనుషులకంటే ముందు కాశయ్యను చేరాలని బయటికి పరుగెత్తింది.